ట ప్రతిలో ఒక్కచోట

అరండల్‌పేటలో జిరాక్సు షాపు మీది గది.
కిటికీ తీస్తే మిర్చి ఘాటు, మూస్తే పాత కాగితాల ముక్కవాసన.
నేను టైపు కొట్టే మనిషిని, వేదాంతం చదవలేదు.
ఏలీషా మాస్టారు చదువుతారు, నేను కొడతాను,
మధ్యమధ్యలో ఇద్దరం తుమ్ముతాం.

అచ్చెక్కని కీర్తనల పుస్తకం అది.
రాసిన పంతులు పేరు తెలీదు,
ఆయన చేతిరాత చెదలకి పోయింది.
మిగిలినవి ఆరు నకళ్లు.
రేపల్లెలో ట్రంకుపెట్టెలోది, సత్తెనపల్లి అటక మీదిది,
పెదకాకానిలో గాదె అడుగున దొరికింది ఒకటి.
మాస్టారు ఊళ్లు తీసేసి అక్షరాలు పెట్టారు:
క, గ, చ, జ, ట, ప.
తగువులో సాక్షుల్ని పిలిచినట్టు పిలుస్తారు.
"చ ఏమంటోంది?"
"నోరు అంటోంది సార్. మిగతావన్నీ నీరు."
ఒక్క గుడిదీర్ఘం వంకర తిరిగితే
దప్పికైనవాడికి నీరు పోయి నోరు మిగిలింది.

గ రాసినవాడికి నిద్రెక్కువ.
ఒక 'నిలిచెను' దగ్గర కన్ను మూసి
మూడు పంక్తుల కింద ఇంకో 'నిలిచెను' దగ్గర తెరిచాడు.
ఆ రెండిటి నడుమ ఒక ఏరు, ఏరు దాటే జనం, వాళ్ల గొర్రెలు
మొత్తం మునిగిపోయాయి.
జ లోనూ సరిగ్గా అక్కడే మునిగాయి.
మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మురిసిపోయారు.
"ఒప్పులు చుట్టరికం చెప్పవమ్మాయ్, తప్పులే చెబుతాయి.
జ కి తల్లి గ."
గోడ మీద సుద్దముక్కతో వంశం గీశాం.
గ కి తల్లి క. చ, ప కూడా ఆ కడుపువే.
అన్నిటికీ పైన, పోయిన ప్రతికి, ఒక సున్న.
ట మాత్రం ఏ కొమ్మకీ అంటలేదు, పక్కన ఊరికే ఉంది.

అరవై రెండో కీర్తన. అయిదు ప్రతుల్లో:
'కరుణ వచ్చి మా ఇంట కూర్చుండెను,
పీట వేసితిమి, గంజి పంచితిమి.'
ట లో:
కరువు.

ఆ పూట ఇద్దరం తుమ్మలేదు.

"అయిదుకి ఒకటి కదా సార్" అన్నాను.
"యార్డులో టిక్కీలు లెక్కెట్టి డబ్బిస్తారా, తూచి ఇస్తారా?
కరుణని కరువని ఎవడూ దిద్దడు.
కరువుని ఓర్వలేక కరుణ అని దిద్దేవాడు ఒక్కడు చాలు,
వాడి వెనక నలుగురూ అదే రాస్తారు."
అని, మళ్లీ ఆయనే తల అడ్డంగా ఊపారు.
ట రాసింది దీవెనమ్మ. అట్ట లోపల పేరుంది.
పేరు కింద:
'వానల్లేని రెండో ఏడు రాసితిని. దీపములో నూనె లేదు.
తప్పులున్న మన్నించుడి.'
అంటే చెయ్యి కడుపు మాట విని ఉండొచ్చు.
ఆ చీకట్లో ణ కి, వు కి ఎంత దూరం?

పైన కరుణ పెట్టమన్నారు, అడుగున చిన్న అక్షరాల్లో కరువు.
కాసేపటికి తిరగెయ్యమన్నారు.
టీ తాగొచ్చి మళ్లీ తిరగెయ్యమన్నారు.
పొద్దుపోయాక, ఏం చెప్పకుండా, మెట్లు దిగిపోయారు.

కింద కుర్రాడు ఎవరిదో ఆధార్ కార్డు ఇరవై కాపీలు తీస్తున్నాడు.
అద్దం మీది మరక ఇరవైలోనూ ఒకటే.

నేను క ని, అన్నిట్లోకీ పాతదాన్ని,
ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.
'కరు' తర్వాత కాగితం పలచబడి ఉంది.
ఎవరో చాకుమొనతో గీకి, దాని మీద ణ రాశారు.
కింద ఏముండేదో చూద్దామంటే
వెలుతురే కనబడుతోంది.
అది వు అని ఒట్టెయ్యలేను.
ఊరికే ఎవరూ గీకరని మాత్రం వేస్తాను.

మాస్టారికి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు.
దీవెనమ్మా, కరువుకి పీట వేసింది నువ్వేనా?
వేసినవాళ్ల మాటని, నమ్మబుద్ధి కాకపోయినా,
ఉన్నదున్నట్టు ఎక్కించావా?

సుద్దముక్క తీసుకుని
ట నుంచి పైన సున్న దాకా నేరుగా గీత లాగబోయాను.
సగంలో విరిగింది.
అలాగే వదిలేశాను.
రేపు ఆయన చూసి తిడతారు,
లేకపోతే మిగతా సగం ఆయనే గీస్తారు.